దారం బిగువు ఎక్కువై దెబ్బతిన్న స్పిన్నింగ్ రాడ్: కారణం, తిరిగి కట్టిన తీరు

రాడ్ వివరాలు: చేపలు పట్టే స్పిన్నింగ్ రాడ్ (రీలు కింది వైపు ఉండే రకం), 7 అడుగుల పొడవు, రెండు ముక్కలు, గ్రాఫైట్ బ్లాంక్ (రాడ్ అసలు కడ్డీ), మీడియం హెవీ బలం. 10 నుంచి 30 గ్రాముల లూర్లు (కృత్రిమ ఎరలు) విసరడానికి పనికొచ్చేది. విశాఖ తీరంలో రాళ్ల మీద నిలబడి పార, పండుగప్ప చేపల కోసం వాడుతున్నారు. మొత్తం ఎనిమిది గైడ్లు (లైను వెళ్లే రింగులు; వీటి ఉక్కు కాళ్లను బ్లాంక్‌కు దారంతో కట్టి, పైన ఎపాక్సీ అనే గట్టిపడే పూత వేస్తారు), పైన టిప్ టాప్ (రాడ్ కొసన ఉండే రింగు). కింది మూడు గైడ్లు ఇరుకాళ్లవి, రింగులు 25, 16, 10 సైజులు. పై అయిదూ ఒంటికాలివి, ఒకటి 8, మిగతావి 6. గైడ్లను కట్టిన దారం ‘ఎ’ సైజు నైలాన్. గైడ్లను యజమానే ఇంట్లో కట్టుకున్నారు. చుట్లు చూడ్డానికి చాలా పొందికగా ఉన్నాయి. ఎక్కడా సందు లేదు, దారం మీద దారం ఎక్కలేదు.

ఫిర్యాదులు మూడు. బరువైన చేప పడ్డప్పుడు కింది నుంచి మూడో గైడ్ దగ్గర చిటుక్కుమని చప్పుడు వస్తోంది. అదే గైడ్ కాళ్ల పక్కన దారం కింద వెండిరంగు గీత కనిపిస్తోంది. కాలి కొన ముగిసేచోట ఎపాక్సీలో ఉంగరంలాంటి సన్న పగులు వచ్చింది.

ఈ మూడింటికీ ఒకే విలువ ఇవ్వకూడదు. కాలి కొన దగ్గర ఉంగరపు పగులు చాలా రాడ్లలో వస్తుంది. కాలు ఉక్కు కాబట్టి వంగదు, బ్లాంక్ వంగుతుంది. రెండూ కలిసేచోట ఎపాక్సీ పగలడం తరచూ పైపై లోపమే. వెండిరంగు గీత కూడా దానంతటదే ప్రమాదం కాదు, కాలి పక్కన ఎపాక్సీ చేరని ఖాళీ ఉందని మాత్రమే చెబుతుంది. చప్పుడు అలా కాదు. చప్పుడు వచ్చిందంటే లోపల ఏదో కదులుతోంది, లేదా విరుగుతోంది. మూడూ ఒకే గైడ్ దగ్గర కలిస్తే ఆ గైడ్ ఊడదీసి చూడకుండా రాడ్‌ను మళ్లీ నీళ్ల దగ్గరకు తీసుకెళ్లకూడదు.

విప్పి చూస్తే

హెయిర్ డ్రైయర్‌తో ఎపాక్సీని మెత్తబడేదాకా వేడి చేశాం. హీట్ గన్ వాడితే వేడి అదుపులో ఉండటం కష్టం. బ్లాంక్‌లో కార్బన్ పోగులను పట్టి ఉంచేది కూడా రెజినే, అతి వేడికి అదీ దెబ్బతింటుంది. బ్లేడును గైడ్ కాలి వీపు మీదే ఆనించి, ఉక్కు మీదుగా దారాన్ని పొడుగునా కోయాలి. బ్లాంక్ మీద బ్లేడు పెట్టామా, పాత దెబ్బ ఏదో కొత్త గీత ఏదో ఇక తేలదు.

కాలు ఊడి వచ్చాక దాని అడుగు భాగం మెరుస్తోంది. ఎపాక్సీ చుక్క కూడా అక్కడికి చేరలేదు. కాలి కొన కిందున్న చోట బ్లాంక్ మీద నెలవంక ఆకారంలో చిన్న నొక్కు ఉంది. గోరు పెట్టి లాగితే తగులుతోంది. చుట్టూ నాణెంతో తట్టితే టంగుమంటోంది, నొక్కు మీద తట్టితే మొద్దు చప్పుడు. పొరలు విడిపోయాయన్నమాట. కాలు తిరగేసి చూస్తే కొన అడుగు అంచున బర్ అలాగే ఉంది. ఫ్యాక్టరీలో కాలును కోసినప్పుడు అంచున మిగిలే సన్నటి ఉక్కు ముల్లు అది. కాలిని చదునైన గాజు పలక మీద పెడితే కొన, మడమ (రింగు వైపు చివర) మాత్రమే ఆనుతున్నాయి, మధ్యలో వెలుతురు కనిపిస్తోంది.

స్పిన్నింగ్ రాడ్‌లో ఈ లోపం ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. ఇందులో గైడ్లు రాడ్ కింది వైపు ఉంటాయి. చేప లాగితే రాడ్ కిందికే వంగుతుంది కాబట్టి గైడ్లు వంపు లోపలి వైపుకు వస్తాయి. కాలు నిటారుగా ఉంటుంది, బ్లాంక్ దాని మీదికి వంగుతుంది. అప్పుడు కాలి రెండు కొసలూ బ్లాంక్‌లోకి గుచ్చుకుంటాయి. గ్రాఫైట్ సాగదీతను బాగా తట్టుకుంటుంది, నలుగుడును అంతగా తట్టుకోదు. వంపు లోపలి వైపున పడేది సరిగ్గా ఆ నలుగుడే. బెయిట్ కాస్టింగ్ రాడ్‌లో (రీలు పైన ఉండే రకం) గైడ్లు పైన ఉంటాయి కాబట్టి వంగినప్పుడు కాలి కొసలు పైకి లేచే ప్రయత్నం చేస్తాయి. అక్కడ ఎపాక్సీ పగులుతుంది గానీ బ్లాంక్ ఇలా నొక్కుకుపోవడం తక్కువ.

బిగువును కొలిస్తే

యజమాని తన టెన్షనర్‌ను (చుట్టే దారానికి బిగువు ఇచ్చే సాధనం) కూడా తెచ్చారు. కుట్టుమిషన్ టెన్షన్ డిస్కులు, స్ప్రింగు, మర కలిపి చెక్కకు బిగించినది. ఇది మంచి సాధనమే, బ్లాంక్ పాడవడానికి కారణం ఇది కాదు. మరను ఎంతదాకా తిప్పారన్నదే ప్రశ్న.

కొలవడానికి లగేజీ తూకం సరిపోదు, చిన్న బరువుల దగ్గర అది తప్పు చూపిస్తుంది. 500 గ్రాముల వరకు చూపే స్ప్రింగ్ తూకం కావాలి. దారాన్ని కండె నుంచి డిస్కుల గుండా తెచ్చి తూకం కొక్కేనికి కట్టి, చుట్టేటప్పటి వేగంతోనే మెల్లగా, ఆగకుండా లాగాలి. కదలడం మొదలైన క్షణంలో అంకె ఎగురుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. కదులుతున్నప్పుడు నిలకడగా కనిపించేదే అసలు బిగువు. యజమాని టెన్షనర్ ఎలా వచ్చిందో అలాగే లాగితే 280 గ్రాములు చూపింది. కండె అంచుకు దారం తట్టుకున్నప్పుడల్లా 350 దాటింది.

280 గ్రాములంటే వినడానికి కొంచెమే. కానీ చుట్లు కూడుకుంటాయి. ‘ఎ’ సైజు దారం మందం సుమారు 0.15 మి.మీ. కాలి మీద 10 మి.మీ. పొడవునా చుడితే దాదాపు 65 చుట్లు పడతాయి. మూడో గైడ్ దగ్గర బ్లాంక్ మందం 6 మి.మీ., కాలి ఎత్తు 0.8 మి.మీ. దారం బ్లాంక్‌ను వదిలి కాలి వీపు మీదికి ఎక్కి మళ్లీ దిగే కోణాన్ని బట్టి లెక్క వేస్తే, ఒక్కో చుట్టు కాలిని తన బిగువుకు 1.2 రెట్ల బలంతో కిందికి నొక్కుతుంది. 65 చుట్లు, 280 గ్రాములు, 1.2 రెట్లు గుణిస్తే దాదాపు 22 కిలోలు. అదే 95 గ్రాముల బిగువుతో చుడితే ఏడున్నర కిలోలు. నైలాన్ సర్దుకోవడం వల్ల, ఒక చుట్టు పక్క చుట్టును కొంత వదులు చేయడం వల్ల అసలు బలం దీనికంటే తక్కువే ఉంటుంది. అయినా రెండింటి మధ్య నిష్పత్తి మారదు. పైగా ఈ రాడ్‌లో ఆ 22 కిలోలు కాలి అడుగంతా పరుచుకోలేదు. బర్ ఉన్న కొన మీద, మడమ మీద మాత్రమే పడ్డాయి. చేప పడకముందే బ్లాంక్ నలగడం మొదలైంది.

బిగువు ఎక్కువైతే వచ్చే రెండో నష్టం కంటికి కనిపించదు. నైలాన్ దారం చాలా సన్నని పోగుల కట్ట. గట్టిగా లాగితే అది చదునై, పక్క చుట్టుతో ఒత్తుకుని మూతలా తయారవుతుంది. ఎపాక్సీ దాని గుండా దిగలేదు. కాలికి రెండు పక్కలా, దారం కింద త్రికోణపు ఖాళీ ఉంటుంది కదా, దాన్ని నింపాల్సిన ఎపాక్సీ పైనే ఆగిపోతుంది. రాడ్ వంగినప్పుడు ఆ ఖాళీలో దారం ఎపాక్సీ నుంచి విడిపోతే వెండిరంగు గీత కనిపిస్తుంది. లోపల కాలు పొడిగా ఉంటే రాపిడికి చప్పుడు వస్తుంది.

ఎందుకంత బిగించారు

గైడ్‌ను పట్టి ఉంచేది దారం బిగువే అన్న నమ్మకమే మొదటి కారణం. స్పిన్నింగ్ రాడ్‌లో లైను గైడ్‌ను బ్లాంక్ నుంచి దూరంగా లాగుతుంది కాబట్టి ఈ భయం అర్థం లేనిది కాదు. కానీ పూర్తయిన రాడ్‌లో గైడ్‌ను ఆపేది దారం, దాన్ని తడిపి గట్టిపడిన ఎపాక్సీ, రెండూ కలిసిన కవచం. బిగువు అవసరం ఎపాక్సీ పడేదాకానే. చుట్లు జరగకుండా, గైడ్ తన చోట నిలవడానికి సరిపడినంత ఉంటే చాలు.

రెండో కారణం కాలి కొన దగ్గర కనిపించే సందు. బ్లాంక్ మీద చుట్టుకుంటూ వచ్చిన దారం కాలి కొన ఎక్కాల్సిన చోట జారి వెనక్కి వస్తుంది, లేదా ముందుకు దూకి సందు వదులుతుంది. అప్పుడు చాలామంది చేయి మర మీదికి పోతుంది. బిగిస్తే సందు కొంత మూసుకున్నట్టు కనిపిస్తుంది కూడా. అసలు జబ్బు కాలి కొన మొద్దుగా ఉండటం. దానికి మందు ఆకురాయి.

కాళ్లు సిద్ధం చేయడం

పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. సన్న పళ్ల ఆకురాయితో కాలి పై భాగాన్ని మాత్రమే, రింగు వైపు నుంచి కొన వైపుకు, ఒకే దిశలో రుద్దాలి. చివరి 3, 4 మి.మీ. వాలుగా దిగి, కొన కాగితం మందానికి రావాలి. కత్తి అంచులా చేస్తే కొనే బ్లాంక్‌ను కోస్తుంది, అక్కడిదాకా పోవద్దు. తర్వాత కాలిని తిరగేసి అడుగు అంచున బర్‌ను 400 నంబరు ఎమరీ కాగితంతో తీసి, 600తో నునుపు చేయాలి. కొన మూలల్ని గుండ్రం చేయాలి. వేలి కొసతో అడుగు అంచును తడిమితే ఎక్కడా గీరుకోకూడదు.

ఆ తర్వాత కాలిని బ్లాంక్ మీద అసలు చోట పెట్టి, వెనుక టార్చి వేసి చూడాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే కాలిని ముక్కుపటకారతో కొంచెం కొంచెంగా వంచి సరిచేయాలి. కాలు పొడవునా ఆనాలి. కొసలు ముందుగా తాకడం కంటే ఒక వెంట్రుకవాసి పైకి ఉన్నా నష్టం లేదు. రుద్దిన చోట ఉక్కు పూత పోతుంది కాబట్టి సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా కొసలు పూర్తిగా ఎపాక్సీ కింద ఉండేలా చూడాలి. ఆకురాయి పొడి మిగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

ఈ రాడ్‌లో మూడో గైడ్ పై ముక్కలో ఉంది. నొక్కుపడ్డ గ్రాఫైట్‌ను పైనుంచి ఎపాక్సీతో కప్పితే అందంగా ఉంటుంది, బలం మాత్రం తిరిగి రాదు. అందుకే అదే మోడల్ పై ముక్క కొత్తది తెప్పించి, మిగతా గైడ్లన్నీ కూడా ఊడదీసి మళ్లీ కట్టాం. కింది ముక్కలో మొదటి గైడ్ కింద బ్లాంక్ బాగానే ఉంది. అక్కడ గోడ మందం ఎక్కువ.

బిగువు ఒక్కటే అంకె కాదు

రాడ్ అంతటికీ ఒకే బిగువు పెట్టడం చాలామందికి అలవాటు. బ్లాంక్ సన్నబడేకొద్దీ, దాని మందంతో పోలిస్తే కాలి ఎత్తు పెరుగుతుంది. దారం ఎక్కే కోణం నిటారవుతుంది. దాంతో ఒక్కో చుట్టు నొక్కే బలమూ పెరుగుతుంది. 9 మి.మీ. మందం దగ్గర ఒక చుట్టు తన బిగువుకు సుమారు 1.05 రెట్లు నొక్కితే, 6 మి.మీ. దగ్గర 1.2 రెట్లు, 0.6 మి.మీ. ఎత్తున్న చిన్న కాలితో 2 మి.మీ. దగ్గర 1.55 రెట్లు నొక్కుతుంది. అందుకే మొదటి గైడ్‌కు 120 గ్రాములు, మూడోదానికి 95, చివరి రెండు చిన్న గైడ్లకు 70 పెట్టాం. మధ్యలోవి ఆ క్రమంలోనే తగ్గుతూ వచ్చాయి. ఇలా పెడితే ఒక్కో చుట్టు కాలిని నొక్కే బలం అన్ని చోట్లా సుమారు 110, 125 గ్రాముల మధ్యే ఉంటుంది. ఇవి ‘ఎ’ సైజు నైలాన్‌కు, ఈ కాళ్లకు పెట్టిన అంకెలు. ‘డి’ సైజు దారం లావు, 10 మి.మీ.లో చుట్లు తక్కువ పడతాయి కాబట్టి ఒక్కో చుట్టుకు కొంత ఎక్కువ పెట్టవచ్చు. పట్టుదారం నైలాన్ అంత సాగదు, తక్కువ బిగువే చాలు. మెటాలిక్ దారం బిగువు ఎక్కువైతే పై రేకు చిట్లుతుంది.

తూకం లేనివారికి వేలి పరీక్ష ఉంది, తూకం ఉన్నవారూ దీన్ని వదలకూడదు. గైడ్ రెండు కాళ్లూ చుట్టాక రింగు పక్క నుంచి బొటనవేలితో నెట్టాలి. మొండికేస్తూనే ఒక వెంట్రుకవాసి జరగాలి, వేలు తీశాక అక్కడే నిలవాలి. ఎంత నెట్టినా కదలకపోతే బిగువు ఎక్కువ, గైడ్లన్నీ ఒకే వరుసలోకి తెచ్చే అవకాశం కూడా పోయినట్టే. మెల్లగా తాకితేనే తిరిగిపోతే వదులు. బిగువు తగ్గిన ఇంకో గుర్తు, నున్నని పెన్ను మూతతో చుట్లను రుద్దినప్పుడు అవి గుంపులుగా జరిగి బ్లాంక్ బయటపడటం.

అంకె కంటే నిలకడ ముఖ్యం. సగటున 95 ఉన్నా ప్రతి పది చుట్లకూ ఒకసారి 200కు ఎగిరితే ఆ చుట్టు పక్కవాటిని తొక్కి కిందికి దిగుతుంది. కండెను పడుకోబెట్టి తిరగనిస్తే ఆగి ఆగి లాగుతుంది. నిలబెట్టి, గ్లాసులో పెట్టి, దారం పై నుంచి వచ్చేలా చేస్తే కుదుపు పోతుంది. డిస్కుల మధ్య నైలాన్ నూగు పేరుకుంటే బిగువు మెల్లగా మారుతుంది, ప్రతి రెండు గైడ్లకూ ఒకసారి మెత్తటి గుడ్డ దూర్చి తుడవాలి. లావు పుస్తకం పేజీల మధ్య దారం పోనిచ్చే పద్ధతి కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే దారం ఒకేచోట గాడి పెట్టుకుని జారుతుంది. గైడ్ మారినప్పుడల్లా పేజీ మార్చి మళ్లీ తూయాలి.

చుట్టడం, ముడి

గైడ్‌ను సన్నటి మాస్కింగ్ టేపుతో ఒక కాలికి అంటించి, రెండో కాలి నుంచి మొదలుపెట్టాం. కాలి కొనకు 3 మి.మీ. ముందు నుంచి బ్లాంక్ మీద మొదలవ్వాలి. దారం తన కొస మీదుగానే ఆరు చుట్లు వేసి, కొస కత్తిరించి, రింగు వైపుకు సాగాలి. సరిగ్గా రుద్దిన కాలి మీద దారం తనంతట తానే ఎక్కుతుంది. ఎక్కకపోతే మరను ముట్టకుండా, విప్పి మళ్లీ ఆకురాయి అందుకోవాలి.

ముగించడానికి ఎనిమిది చుట్లు ఉండగా, మడిచిన దారపు ఉచ్చును అడ్డంగా పెట్టి దాని మీదుగా చుట్టాలి. చివరి చుట్టును బొటనవేలితో నొక్కి పట్టి, దారాన్ని వేలెడు పొడవు వదిలి కోసి, ఉచ్చులో దూర్చి లాగాలి. ఈ క్షణంలో వేలు సడలితే చివరి అయిదారు చుట్లు వదులవుతాయి, టెన్షనర్ ఎంత బాగున్నా ఇక్కడ అదేమీ చేయలేదు. ఉచ్చు లాగేటప్పుడు గట్టిగా పట్టేస్తే, బిగువు ఎక్కువైందని అది ఇంకో గుర్తు. ఒంటికాలి గైడ్లకు ఫోర్హాన్ ర్యాప్ అనే కట్టు వేశాం. చివరి మూడు చుట్లు గైడ్ కాడకు ముందు వైపు పడతాయి కాబట్టి కాలు దారం కింది నుంచి ముందుకు జారిపోదు. ఇది ఉన్నప్పుడు ఒంటికాలి గైడ్ ఊడుతుందేమోనని బిగువు పెంచాల్సిన పనే లేదు.

రెండు ముక్కలూ కలిసే చోట, పై ముక్క అడుగు నోటి మీద వేసే చుట్టు సంగతి వేరు. కింద కాలు లేదు, ఒత్తిడి చుట్టూ సమంగా పడుతుంది, నోరు చీలకుండా ఆ చుట్టు కావాలి కూడా. దానికి 120 పెట్టాం. చుట్టాక కింది ముక్కను దూర్చి మునుపటంత లోతు దిగుతోందో లేదో చూసుకోవాలి. దిగకపోతే విప్పాల్సిందే.

తేమ, ఎపాక్సీ

సముద్రపు ఊళ్లలో ఇంకో సంగతి కలుస్తుంది. నైలాన్ గాలిలోని తేమ పీల్చి కొద్దిగా పొడుగు సాగుతుంది, ఆరితే మళ్లీ ముడుచుకుంటుంది. వానాకాలంలో కిటికీలు తెరిచిన గదిలో చుట్టి, రాత్రికి ఏసీ గదిలో పెడితే బిగువు పెరుగుతుంది. ఏసీలో చుట్టి బయట పెడితే సడలుతుంది. కండెలు, బ్లాంక్, ఎపాక్సీ పని అన్నీ ఒకే గదిలో ఉంచి, చుట్టిన రోజే మొదటి కోటు వేయడం మంచిది. తడి గాలిలో ఎపాక్సీ మీద జిడ్డు పొర కూడా కడుతుంది.

కలర్ ప్రిజర్వర్ (దారం రంగు మారకుండా ఎపాక్సీకి ముందే పూసే ద్రవం) వాడలేదు. అది ముందే దారాన్ని నింపేస్తే ఎపాక్సీ లోపలికి దిగదు, ఈ రాడ్‌కు వచ్చిన జబ్బే మళ్లీ వస్తుంది. దారం రంగు ముదురుతుంది, ముదరనివ్వాలి.

రెండు భాగాల ఎపాక్సీ సమపాళ్లలో, వేర్వేరు సిరంజిలతో 3 మి.లీ. చొప్పున తీసుకుని, బుడగలు రాకుండా మెల్లగా మూడు నిమిషాలు కలిపి, అల్యూమినియం రేకు మీద పరిచాం. గిన్నెలో కుప్పగా ఉంచితే వేడెక్కి త్వరగా చిక్కబడుతుంది. ముందుగా చుట్ల మీద పూయకూడదు. రింగు వైపు, దారం ముగిసేచోట కాలికి ఇరువైపులా కనిపించే చిన్న రంధ్రాల్లో చుక్క చుక్కగా పెట్టి, గైడ్‌ను పైకి తిప్పి ఆగాలి. బిగువు సరిగ్గా ఉంటే ఎపాక్సీ తనంతట తాను కాలి పొడవునా పాకుతుంది, దారం ముదురు రంగుకు మారుతూ కొన దాకా పోవడం కళ్లకు కనిపిస్తుంది. మూడో గైడ్ దగ్గర అలా కొన దాకా పోయాకే పై పూత వేశాం. తర్వాత నిమిషానికి 9 చుట్లు తిరిగే మోటారు మీద పెట్టి, పావుగంటకు ఆపి, కిందికి దిగిన మిగులు ఎపాక్సీని బ్రష్‌తో తీసేశాం. 24 గంటల తర్వాత రెండో పలుచని కోటు వేశాం.

బరువు పెట్టి చూడటం

ఎపాక్సీ వారం రోజులు గట్టిపడ్డాక రీలు బిగించి, లైను గైడ్లన్నిటి గుండా తీసి, కొసను తూకానికి కట్టి, డ్రాగ్‌ను (లాగుడుకు లైను ఎప్పుడు వదలాలో నిర్ణయించే రీలు బ్రేకు) 2.5 కిలోలకు పెట్టాం. రాడ్‌కూ లైనుకూ మధ్య కోణం 90 డిగ్రీలు దాటనివ్వలేదు. దాటితే బరువంతా పై ముక్క కొసకు చేరుతుంది, అప్పుడు విరిగితే నేరం దారానిది కాదు. చప్పుడు లేదు. భూతద్దంతో చూస్తే మూడో గైడ్ దగ్గర వెండిరంగు గీత లేదు, గైడ్లన్నీ వరుసలోనే ఉన్నాయి.

మొదటి గైడ్ కింది కాలి కొన దగ్గర మాత్రం ఎపాక్సీలో సగం ఉంగరమంత సన్న గీత వచ్చింది. ఆ కాలు పొడుగు, ఉక్కు మందం, వంగే గుణం దాదాపు లేదు. దారం తెగలేదు, గోరుకు తగలడం లేదు. దాన్ని విప్పకుండా ఆ కొన వరకే ఇంకో పలుచని కోటు వేసి ఇచ్చాం. ఉప్పునీటి వాడకం కాబట్టి ప్రతిసారీ మంచినీళ్లతో కడగమని, ఆ గీత చుట్టూ తిరిగి పూర్తి ఉంగరమైతే, లేదా దాని లోపల తెలుపు కనిపిస్తే తిరిగి తెమ్మని చెప్పాం.